రంగుల కార్ఖానాకు అనుమతి

డెబ్భయ్యో దశకం చివర్లో సంతోష్‌నగర్ వెనక గల్లీలో మాకు చిన్న రంగుల కార్ఖానా ఉండేది. మా ఆయనా నేనూ, ఇద్దరు పనివాళ్లూ కలిసి చీరలకు రంగులు వేసేవాళ్లం. అప్పుడే కొత్త కానూను వచ్చింది. రంగు నీళ్లు బయటికి వదలాలంటే సర్కారు అనుమతి ఉండాలి, లేకుంటే కార్ఖానాకు తాళమే. ఆ కాగితం కోసం మా ఆయన నయాపూల్ దాటి ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ వేసారిపోయాడు. ఒకసారి నకళ్లు చాలవన్నారు, ఇంకోసారి కార్ఖానా కొలతలు గీసిన నక్షా లేదన్నారు. ఇంటికొచ్చి నామీద విసుక్కునేవాడు, ఆ కానూను నేనే రాసినట్టు.

చివరికి నీళ్ల నమూనా తీసుకోవడానికి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. రంగులవాళ్లకు ఒక ఉపాయం ఉండేది. ఆఫీసరు వచ్చే రోజు రంగు కాచే పొయ్యి వెలిగించరు, రంగు నీళ్లు పోయే మోరీ తోమి అందులో బావి నీళ్లు పారిస్తారు. మా ఆయనా అదే చేశాడు. ఆఫీసరు మోరీ చివర సీసా నింపుకుని పోయాడు.

"ఇగ ఫికర్ లేదు" అన్నాడు మా ఆయన మీసం దువ్వుకుంటూ.

నెల తర్వాత ఆఫీసరు మళ్లీ వచ్చి, అరుగు మీద కూర్చుని ఫైలు తెరిచాడు.

"ఉప్పు ఎక్కువే ఉంది, రంగూ కొంచెం ఉంది. కార్ఖానా నీళ్లే కదా, వదలొచ్చు. అనుమతి రాసేస్తున్నా. ఎవరూ తాగకుండా చూసుకోండి, చాలు" అన్నాడు.

ఆ సీసాలో పట్టినవి మా బావి నీళ్లు. పొద్దున కూడా తాగాం. మా ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఆయనకూ అర్థమైంది, కానీ ఆఫీసరు పెన్ను తీశాడు కదా! నాకు ఒళ్లు మండింది.

"సాబ్, అవి రంగు నీళ్లు కావు. మా బాయి నీళ్లు. మేం తాగేటియి" అన్నాను.

ఆఫీసరు పెన్ను మూసి, బావి దగ్గరికి వెళ్లాడు. దాన్ని ఆనుకునే పారుతున్న మట్టి మోరీని చూశాడు. అనుమతి రాయలేదు, అలాగని తాళమూ వేయలేదు.

"మోరీలోని రంగు బావిలోకి ఇంకుతోంది. దాన్ని దూరంగా జరిపి సిమెంటు చేయించండి. రంగు అడుక్కు దిగడానికి తొట్టి కట్టండి. మూడు నెలలు గడువు. ఈ నీళ్లు మాత్రం ఇవాళ్టి నుంచే తాగొద్దు" అని వెళ్లిపోయాడు.

"చేతికచ్చిన కాయితం పోగొట్టినవ్ గదనే!" అని లొల్లి చేసి, మా ఆయన నాతో మాటలు బంద్ పెట్టాడు. నేను వీధి నల్లా నుంచి బిందెలు మోశాను, ఆయన తొట్టి కట్టించాడు. అన్ని నకళ్లు అడిగిన ఆ ఆఫీసును నేనూ తిట్టుకున్నాను. కానీ వాళ్లు సీసా పట్టుకుని రాకపోతే మేం ఏం తాగుతున్నామో తెలిసేదే కాదు.

ఈసారి ఆఫీసరు సీసాలో అసలు రంగు నీళ్లే పట్టించాం. అనుమతి వచ్చింది. పనివాళ్లిద్దరూ మిఠాయి కోసం పట్టుబట్టారు. మూడు నెలలుగా ఛాతీ మీదున్న బండ దిగినట్టయింది నాకు. మా ఆయన కాగితం నా చేతికిచ్చి, గోడకానుకుని కూర్చుని, ఇన్నాళ్లకు నోరు విప్పాడు.

"గప్పుడే గీ కాయితం ఇచ్చివుంటే, మనం ఇంకా గవే నీళ్లు తాగుతుంటిమి గదనే."