చివరి బుడగ

కాకినాడ నుంచి వచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి సోమయాజులు తన ఫియెట్ కారు మీద మెకానిక్ చెయ్యి పడనివ్వడు. రేడియేటర్‌లో నీళ్లు మార్చినప్పుడల్లా మూత తీసి ఇంజన్ ఆన్‌లో ఉంచి, రబ్బరు గొట్టం పిండుతూ, లోపల చిక్కిన గాలి బుడగలుగా పైకి వచ్చేస్తుంటే గుడ్లప్పగించి చూస్తాడు. చివరి బుడగ పోయేదాకా కారు కదపడు. గాలి మిగిలితే ఇంజన్ ఉడికిపోతుందని అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ కసురుతూ చెప్పేవాడు. తెలంగాణ ఉద్యమం రాజుకుని, తన ప్రహరీ మీద ఎవరో "ఆంధ్రోళ్లు పోవాలె" అని రాసిన నాటి నుంచి వీధిలో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆ పొద్దున కూడా గొట్టం పిండుతూనే ఉన్నాడు. యూనివర్సిటీ వైపు నుంచి బాష్పవాయువు ఘాటు వస్తోంది. ఇద్దరు విద్యార్థులు నెత్తురోడుతున్న స్నేహితుణ్ణి మోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు.

"సార్, మావోనికి తలకు లాఠీ దెబ్బ తాకింది. బంద్ గదా, ఆటోలు నడుస్తలేవు. జర దవాఖాన్ల దింపుండ్రి."

"ఇంకా బుడగలు పోలేదు. ఇప్పుడు కారు తీస్తే ఇంజన్ పోతుంది. అసలు మిమ్మల్ని రోడ్డెక్కమన్నదెవరు?"

వాళ్లలో పొడుగు కుర్రాడు రేడియేటర్‌లోకి తొంగిచూశాడు. "ఏడున్నయి సార్ బుడగలు?"

సోమయాజులు అతని కళ్లలోకే చూస్తూ గొట్టాన్ని గట్టిగా పిండాడు. నీళ్లు పొంగి కింద ఒలికాయి. ఒక్క బుడగా రాలేదు. అయినా వాళ్లు స్నేహితుణ్ణి ఎత్తుకుని మలుపు తిరిగేదాకా పిండుతూనే ఉన్నాడు. తర్వాత మూత బిగించి, రేడియేటర్‌లో పోయగా బకెట్లో మిగిలిన నీళ్లతో గేటు ముందు నెత్తురు కడిగాడు.