గచ్చు ఆరిందా అని అడిగే అత్త

మా మేనత్త పోయిందన్న కబురు క్యాంపులో ప్రాక్టీసుకి ముందు, బూట్ల తాళ్లు కట్టుకుంటుండగా తెలిసింది. ఫోన్లో అత్త నంబరు చూడగానే తాళ్లు వదిలేశాను. అత్త పోటీ ఉన్న రోజునే ఫోన్ చేస్తుంది, అదీ ఒక్క మాట అడగడానికి. ఆ రోజు పోటీ లేదు. అవతల గొంతు మావయ్యది. "అత్తకి తెల్లారగట్ట గుండెల్లో నొప్పొచ్చిందమ్మా. ఏలూరు తీసుకెళ్తుంటే దారిలోనే..." అని ఆగిపోయాడు.

నేను డిస్కస్ విసురుతాను. దేశం తరఫున కూడా విసిరాను. మీరు టీవీలో చూసే ఉంటారు. గుండ్రటి గీత లోపల మనిషి గిర్రున తిరిగి బిళ్ళని విసురుతుంది, ఎవరో జెండా ఎత్తుతారు. తెల్లదైతే సరే, ఎర్రదైతే ఫౌల్. మిగతా వాళ్ల ముఖాల్లో కనిపించే ధీమా నాకెప్పుడూ లేదు. నాది భయంతో విసిరే చెయ్యి. ఆ భయం నాకు అత్త దగ్గరే అంటుకుంది.

అత్తా మావయ్యా కొల్లేరు పక్కన ఒక చేపల చెరువుకి కాపలా ఉండేవారు. గట్టు మీదే పాక. పట్టిన చేపల్ని తూకం వేసి లారీకెక్కించడానికి అక్కడొక సిమెంటు గచ్చు ఉండేది. మా ఊరి చుట్టుపక్కల చదునైన గట్టి నేల అదొక్కటే. దాని మీద సుద్దతో గుండ్రంగా గీసుకుని గట్టు పొడుగునా విసిరేదాన్ని. కుడివైపు నీళ్లు, ఎడమవైపు ఎండిపోయిన పాత చెరువు. బడిలో డ్రిల్లు మాస్టారు నమ్మి ఇంటికిచ్చిన బిళ్ళ ఒకటే ఉంది, అది పోతే ఇంకోటి లేదు.

గచ్చు మీద ఎప్పుడూ పొలుసులూ జిగురూ. నేను బడి నుంచి వచ్చేసరికే అత్త నీళ్లు కొట్టి, చీపురుతో రుద్ది, గోనెసంచితో తుడిచి ఉంచేది. ఆ తర్వాత తనే ఒట్టి కాళ్లతో అటూ ఇటూ నడిచి చూసి, "ఆరిందే, ఇప్పుడెక్కు" అనేది. నేను తిరగడం మొదలుపెట్టగానే మాత్రం "నీళ్లే! నీళ్ల వైపు జాగర్తే!" అని అరిచేది. ప్రతిసారీ అదే అరుపు. బిళ్ళ పొరపాటున చెరువులో పడితే చీర ఎగదోపుకుని దిగి, బురదలో పాదాలతో వెతికి తెచ్చేది. పాములుంటాయి వద్దత్తా అంటే, "పాము మనల్ని చూసి అదే పోద్ది. బిళ్ళ పోతే మళ్లీ వత్తదా?" అనేది.

తాడేపల్లిగూడెంలో నా మొదటి జిల్లా పోటీకి అత్త బస్సెక్కి వచ్చింది. తీరా నా వంతు వచ్చేసరికి గ్రౌండుకి వీపు పెట్టి కూర్చుంది. పక్కనున్నావిడని, "ఏవండీ, మా పిల్ల కాలు గీత మీద పడలేదు కదండీ?" అని అడుగుతూనే ఉందట. నేను గెలిచాక కూడా నమ్మకం కుదరక ఆవిడనే మళ్లీ అడిగింది.

మొదటిసారి విదేశంలో విసిరినప్పుడు మూడు విసుర్లూ గీత చుట్టూ కట్టే రక్షణ వలకి ఎడమవైపే తగిలాయి. మూడుసార్లూ ఎర్ర జెండా. ఒక్క కొలతైనా లేకుండా తిరిగొచ్చాను. ఏలూరులో మా కోచ్ గారు కొన్నాళ్లు ఊరికే చూసి, చివరికి అడిగారు.

"అమ్మా, మీ ఊళ్లో విసిరేటప్పుడు నీ కుడిపక్కన ఏముంటుంది?"

"చెరువండి."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చెయ్యి బిళ్ళని వదలాల్సిన క్షణం దాటాక వదులుతోంది, అందుకే ఎడమకి పోతోంది. ఏ దేశపు పచ్చగడ్డి అయినా నా చేతికి కుడివైపు నీళ్లే.

ఈ మాట అత్తకి చెప్తే నోటి మీద చెయ్యేసుకుంది. "అరిచింది నేనేగా" అంది. మర్నాడు చెరువులో చేపల మేతకి తవుడు సంచులు కట్టే కర్రల పక్కన, నడుం లోతు నీళ్లలో నిలబడి చెయ్యూపింది.

"చెరువు వైపే విసురు! నేనున్నాగా, పోనిత్తానా?"

"నీకు తగులుద్దత్తా!"

"తగిల్తే తగల్నీలే. ముందు విసురు!"

చచ్చేంత భయంతో విసిరాను. ఆ వేసవంతా అలాగే గడిచింది. నేను నీళ్లలోకి విసరడం, అత్త వెతికి, కొంగుతో తుడిచి తెచ్చివ్వడం.

ఆ తర్వాతి అంతర్జాతీయ పోటీలో ఫైనల్‌కి వెళ్లాను. పొద్దున్నే ఎప్పటిలాగే అత్త ఫోన్. "గచ్చు ఆరిందా?" ఇది పెద్ద స్టేడియం అత్తా అని నవ్వాను. "అయితే అక్కడ వాన పడదేంటే?" అంది. నిజంగానే పడింది. నా ముందు విసిరిన అమ్మాయి కాలు జారింది. నేను తువ్వాలుతో గీత లోపలి సిమెంటు తుడిచి, బూటు అడుగులు తుడిచి, మెల్లగా ఎక్కాను. పతకం రాలేదు కానీ తెల్ల జెండా లేచింది.

వచ్చే నెల మళ్లీ సెలక్షన్ ఉంది. భుజం నొప్పి, వయసు చూస్తే ఇదే ఆఖరుదని నాకు తెలుసు. అత్త కబురు విన్నాక, ఊరికి బయల్దేరేలోపు విసిరిన ప్రతి బిళ్ళా ఎడమ వలకే తగిలింది. పాత భయం తిరిగొచ్చిందేమో అనిపించింది. వల పక్కనే కూర్చుని ఏడ్చాను. నిజం చెప్పాలంటే ఏడ్చింది అత్త కోసమా, నా విసురు కోసమా అన్నది ఇప్పటికీ తెలియదు.

కర్మ అయిన మర్నాడు గట్టు మీదికి వెళ్లాను. గచ్చు మీద పొలుసులు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. కడిగాను, గోనెసంచితో తుడిచాను, ఒట్టి కాళ్లతో నడిచి చూశాను. చెరువు వైపు తిరిగి విసిరాను. చెయ్యి వెనక్కి లాగలేదు. బిళ్ళ చివరి తవుడు కర్ర దాటి నీళ్లలో పడింది. అలవాటు కొద్దీ నిలబడి చూస్తున్నాను, ఎవరో దిగుతారన్నట్టు.

కాసేపటికి నేనే దిగాను. నడుం లోతులో, పాదాలతో బురద తడుముతూ వెనక్కి తిరిగి చూశాను. అత్త నిలబడిన చోటు ఇదే. ఇక్కడి నుంచి గచ్చు అరచెయ్యంత కనిపిస్తుంది. కాలికి బిళ్ళ అంచు తగిలింది. వెంటనే తియ్యాలనిపించలేదు. పాదం దాని మీద ఆనించి, ఖాళీగా ఉన్న గచ్చు వైపే చూస్తూ ఉండిపోయాను. అది ఆరిందో లేదో ఇంత దూరం నుంచి తెలియదు. ఎవర్నైనా అడగాల్సిందే.