మడమ నొప్పికి వెళితే గుండె సంగతి తెలిసింది

ఆ రోజు స్కూల్లో ఖోఖో ప్రాక్టీసు చేయిస్తుంటే షూ అంచు మడమకు ఒరుసుకుని నడవలేకపోయాను. విప్పి చూస్తే మడమ వెనక, పిక్క నుంచి కిందికి దిగే నరం లావెక్కి గట్టిగా తగిలింది. రెండో కాలికీ అంతే. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని. నలభై దాటినా పిల్లలతో సమానంగా పరిగెత్తే మనిషిని, సన్నగా ఉంటాను. కొత్త షూ వల్లేనని అనుకున్నాను.

నొప్పి తగ్గకపోయేసరికి అమలాపురంలో ఎముకల డాక్టరు గారికి చూపించుకున్నాను. ఆయన మడమ నొక్కి చూసి, నా వేళ్ల కణుపులు కూడా తడిమారు. అక్కడా చిన్న చిన్న గట్టి బుడిపెలున్నాయి. నేనెప్పుడూ పట్టించుకోలేదు. తర్వాత టార్చి వేసి కళ్లు చూశారు.

"మీ నాన్నగారున్నారామ్మా?"

"లేరండి. నా చిన్నప్పుడే గుండెపోటుతో పోయేరు."

"ఆయనా మీలాగే సన్నగా ఉండేవారా?"

"ఆయ్. ఎక్కడికైనా సైకిలు మీదే వెళ్లేవారండి."

ఆయన టార్చి ఆర్పి చీటీ తీశారు. "ఇది షూ వల్ల వచ్చింది కాదమ్మా. మీరు నరం అనుకుంటున్న ఈ టెండన్‌లో కొలెస్ట్రాల్ పేరుకుంది. లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తపరీక్ష చేయించి గుండె డాక్టరు గారిని కలవండి" అన్నారు.

మడమ చూసి, నేను సరిగా ఎరగని మా నాన్న గురించి అంత తెలుసుకున్న మనిషిని చూస్తూ ఉండిపోయాను.

చెడ్డ కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, వందలోపు ఉండాల్సింది 286 వచ్చింది. నాన్న సంగతి విని మా తమ్ముడు కూడా పరీక్ష చేయించుకున్నాడు. వాడు భారీ మనిషి. ఆత్రేయపురం వెళితే పూతరేకుల డబ్బా ఇంటికి చేరదు, దారిలోనే ఖాళీ. వాడి రిపోర్టు శుభ్రంగా ఉంది. "తినేది నేను, వచ్చేది నీకా అక్కా!" అని వాడే బాధపడ్డాడు.

గుండె డాక్టరు గారు నడివయసావిడ. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ చేయించారు. గుండె అప్పటికి బాగానే ఉంది. "ఇది తిండి వల్ల వచ్చింది కాదండి, మీ నాన్నగారి వైపు నుంచి పుట్టుకతో వచ్చింది. ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా అంటాం. రక్తంలోని కొలెస్ట్రాల్‌ని లివర్ లోపలికి లాక్కోవడానికి రిసెప్టర్లు ఉంటాయి. మీకవి తక్కువ" అన్నారు. అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ మాత్ర రాశారు. కొన్ని వారాలకు ఎల్‌డీఎల్ దాదాపు సగానికి పడిపోయింది. కందిబద్దంత మాత్ర ఇంత పని చేసిందా అని రిపోర్టు మళ్లీ మళ్లీ చదువుకున్నాను.

వానాకాలంలో దగ్గు పట్టుకుంది. దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లాను. "షుగర్, బీపీ ఉన్నాయా?" అని అడిగారు. లేవన్నాను. నిజంగానే లేవు. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. దగ్గు తగ్గుతూ వచ్చింది కానీ తొడలు మొద్దుల్లా బిగుసుకుపోయాయి. స్కూల్లో మెట్లెక్కలేక రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను. ఆ సాయంత్రం మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. మావారు వెంటనే కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్లారు.

గుండె డాక్టరు గారు చూస్తూనే అడిగారు. "కొత్తగా ఏం మందు వాడేరు?"

యాంటీబయాటిక్ స్ట్రిప్ చూపించాను. కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీకే టెస్టు వందల్లో ఉండాల్సింది వేలల్లో వచ్చింది.

"స్టాటిన్ లివర్లో విరిగి బయటికి పోవాలండి. ఈ యాంటీబయాటిక్ ఆ పని ఆపేసింది. మందు ఒంట్లో పేరుకుపోయి కండరాలు దెబ్బతిన్నాయి. కిడ్నీలు పాడవ్వకముందే వచ్చేరు, అదే మేలు."

రెండు మందులూ ఆపేశారు. సెలైన్ మీద సెలైన్ ఎక్కించారు. మంచం మీద పక్కకు తిరగాలన్నా నర్సమ్మ సాయం పట్టాలి. మావారు బాత్రూం దగ్గర నిలబడి, ప్రతిసారీ "రంగెలా ఉంది?" అని అడిగేవారు. తెల్లగా వచ్చిందని చెప్పిన రోజున ఆయన గోడకానుకుని ఏడ్చేశారు.

ఇంటికి వెళ్లేముందు చెప్పాను. "నాకింక ఆ మాత్రలొద్దండి."

"మందు చెడ్డది కాదండి, ఆ రెండూ కలవడమే చెడ్డది. మానేస్తే మీ ఎల్‌డీఎల్ మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు డాక్టరు గారు.

సీకే మామూలుకు వచ్చాక రోసువాస్టాటిన్ అనే మరో రకం స్టాటిన్ తక్కువ డోసులో మొదలుపెట్టి, దానికి ఎజెటిమైబ్ జోడించారు. "కొలెస్ట్రాల్ రెండు వైపుల నుంచి వస్తుంది. లివర్ తయారుచేస్తుంది, పేగు పీల్చుకుంటుంది. ఈ మాత్ర తయారీని తగ్గిస్తుంది. అప్పుడు లివర్ మరిన్ని రిసెప్టర్లు తెరిచి రక్తంలోంచి లాక్కుంటుంది. రెండోది పేగు దగ్గర ఆపుతుంది. రెండూ కలిస్తే స్టాటిన్ మరీ ఎక్కువ అక్కర్లేదు" అన్నారు. నా ఒంట్లో ఇంత యంత్రాంగం నడుస్తోందని, దాన్ని రెండు చోట్ల పట్టుకుని సరిచేసే ఉపాయం మనుషులు కనిపెట్టారని వింటుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

కొన్నాళ్లు భయంభయంగానే మింగాను. పిక్క కాస్త లాగినా ఫోన్ చేసేదాన్ని. ఆవిడ విసుక్కోకుండా, "సీకే చేయించండి, చూద్దాం" అనేవారు. ప్రతిసారీ మామూలుగానే వచ్చింది. డోసు మెల్లగా పెంచారు. ఎల్‌డీఎల్ వందలోపుకు దిగింది. కణుపుల మీది బుడిపెలు మెత్తబడుతూ, ఏడాది తిరిగేసరికి చేత్తో వెతుక్కోవాల్సినంత చిన్నవయ్యాయి. మా పాపకూ పరీక్ష చేయించాం. తనకీ ఉంది. "ఈ వయసులోనే తెలిసిందిగా, కంగారు పడకండి" అన్నారు డాక్టరు గారు. తనకిప్పుడు చిన్న డోసు నడుస్తోంది.

నేను మళ్లీ గ్రౌండులో పరిగెడుతున్నాను. మొన్న చెవినొప్పికి మరో డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయనా షుగర్, బీపీల గురించే అడిగారు. నేను రెండు స్ట్రిప్‌లూ బల్ల మీద పెట్టి, "కొలెస్ట్రాల్‌కి ఇవి వాడుతున్నానండి" అన్నాను. ఆయన పేర్లు చదివి, అప్పటికే రాసిన మందు కొట్టేసి వేరేది రాశారు. మీరూ అంతే చెయ్యండి. చిన్న దగ్గుకు వెళ్లినా, ఎవరూ అడగకపోయినా, మీ స్ట్రిప్‌లు ముందు బల్ల మీద పెట్టండి.