హుక్కు ఊడలేదు

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. కంపెనీ అడగలేదు. మా సూపర్‌వైజర్‌కు మూడుసార్లు మనుషులచేత కబురు పెట్టాను, పలకలేదు. ఇక్కడ గల్ఫ్‌లో, రూవి బజారులో ఎదురుపడితే రోడ్డు దాటి అవతలికి పోయాడు. ఆరోజు అతను వేసుకున్న చొక్కా రంగు కూడా చెప్పగలను. కడపలో ఒకామె, నేను బిగించిన హుక్కు ఊడి తన భర్త చనిపోయాడని ఈనాటికీ నమ్ముతోంది.

తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు. రూవికి కొండ అవతలున్న అల్ అమెరాత్‌లో ఎటు చూసినా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. సైట్లకు ట్రాలీ మీద పెద్ద జనరేటర్‌ను లాగడానికి ఒక పికప్‌ను సిద్ధం చేయమన్నారు. షెడ్డులో ఆ పని నాది. వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలు విప్పి, ఒక్కోవైపు రెండేసి పట్టీలు ఎక్కువ వేశాను. ట్రాలీ తగిలించే హుక్కును బంపర్‌కు అతికించి చేతులు దులుపుకునేవాళ్లు ఉన్నారు. నేను ఛాసిస్‌కే దళసరి రేకులు వేసి బోల్టులతో బిగించాను. జనరేటర్‌ను ట్రాలీ ఇరుసుకు కొంచెం ముందుకు పెట్టించాను. కొంత బరువు హుక్కు మీద పడితేనే ట్రాలీ తిన్నగా వస్తుంది. లేకుంటే దిగుడులో తోక ఆడిస్తుంది.

మా షెడ్డులో బండి సత్తాను పిడికిళ్లతో కొలిచేవారు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య రెండు పిడికిళ్లు పట్టాలి. ట్రాలీ తగిలించాక ఒకటిన్నరే పట్టింది. సూపర్‌వైజర్ తన పిడికిలి పెట్టి చూసి, అందరి ముందూ అన్నాడు: “ఏం మేస్త్రీ, నీ బండి ప్రసవానికి కూర్చుందా?”

అందరూ నవ్వారు. ఆ మాత్రం కూర్చోవాలని చెప్పాను. వినకుండా నన్ను వేరే సైట్‌కు పంపేశాడు.

మధ్యాహ్నం డ్రైవర్ ఫోన్ చేశాడు. కడప సాయిబు, రూమ్‌లో నా పక్క మంచం వాడు.

“అన్నా, బండి ఇప్పుడు పెండ్లికొడుకు మాదిరి నిలబడింది. సూపర్‌వైజర్ సాబ్ జనరేటర్‌ను మూరెడు ఎనక్కి జరిపించినాడు. పోవచ్చునా?”

పోవద్దు అనాల్సింది. పొద్దుటి నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. “నన్నెందుకు అడుగుతావు, మీ సాబ్‌నే అడుగు” అని ఫోన్ పెట్టేశాను.

కొండ దిగేచోట ట్రాలీ అటూ ఇటూ ఊగి, పికప్ వెనకభాగాన్ని పక్కకు ఈడ్చి, రెండూ లోయలో పడ్డాయి. అతను బతకలేదు. మర్నాడు క్రేన్‌తో పికప్‌ను పైకి లాగుతుంటే ట్రాలీ కూడా దాని వెంటే లేచి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. ఊడిపోయిన హుక్కుకు ట్రాలీ ఎలా వేలాడుతుంది? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. మేస్త్రీ సరిగా బిగించక హుక్కు ఊడిందని సూపర్‌వైజర్ చెప్పాడు, కంపెనీ రాసుకుంది, కడపకు ఫోన్‌లో అదే చెప్పారు. నాకు వెల్డింగ్ మాన్పించి షెడ్డు ఊడ్చే డ్యూటీ ఇచ్చారు.

ఆమెకు నేను ఫోన్ చేస్తే, నా గొంతు గుర్తుపట్టి పెట్టేసింది.

ఫోన్‌లో నేనన్న మాట నాది. దాన్ని మోస్తాను. సూపర్‌వైజర్ గారూ, మీ మూరెడు సంగతి మీరు చెప్పాలి. మీరు తెలుగు చదవగలరు, ఇది మీకు చేరుతుంది. ఆ జనరేటర్‌ను వెనక్కి జరపమన్నది ఎవరు? నాకు చెప్పకపోయినా పర్వాలేదు, ఆమెకు ఫోన్ చేసి మీ నోటితో మీరు చెప్పండి.