అత్త చదవాల్సిన పాఠం

మా మేనత్త సంపూర్ణమ్మ చేతి చేపల పులుసు తినకుండా మా చర్చికి వచ్చిన ఏ పాస్టరు అయ్యగారూ తిరిగి వెళ్లలేదని మా ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట అన్నవాళ్లు అత్తని పొగుడుతున్నామనే అనుకుంటారు. నాకు మాత్రం అది వింటే నోరు చేదవుతుంది.

మాది నిడదవోలు దగ్గర కాలవ గట్టు మీద ఊరు. అత్త భర్త అబ్రహాము మావయ్య మా చర్చికి ఉపదేశి. అయ్యగారు టౌన్లో ఉంటారు. ఆయన చేతికింద చాలా ఊళ్లు ఉన్నాయి కాబట్టి మా ఊరికి నెలకో ఆదివారమే వస్తారు. మిగతా ఆదివారాలు ఆరాధన జరిపేది మావయ్యే. వాళ్లకి పిల్లలు లేరు. అత్త ఒక్కతే చేసుకోలేకపోతోందని, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న నన్ను బడి మాన్పించి తీసుకొచ్చి వాళ్లింట్లో దింపాడు.

"మీ అత్త దగ్గర నాలుగు వంటలు నేర్చుకుంటే రేపు నీకే మంచిదే దీవెనా" అన్నాడు. వేసవి సెలవులదాకానేమో అనుకున్నాను. పుస్తకాల సంచి కూడా తెచ్చుకున్నాను.

అయ్యగారు వచ్చిన ఆదివారం ఆయన భోజనం సంఘంలో ఒక్కో కుటుంబానికి వంతు. వంతనేది మాటకే. వంతు వచ్చినవాళ్లు శనివారం సాయంత్రమే చేపలో కోడిపుంజో పట్టుకుని అత్త గుమ్మంలో నిలబడేవారు. "మా చేతి వంట అయ్యగారికి ఏం రుచిస్తుందండి, మీరే కాస్త చేసిపెట్టండి" అనేవారు. పేరు వాళ్లది, పొయ్యి అత్తది. ఆదివారం ప్రసంగం మొదలవగానే అత్త లేచి, పక్క గుమ్మంలోంచి బయటపడి, అన్నం వార్చడానికి ఇంటికి పరిగెత్తేది. ఆవిడ కళ్లు మూసుకుని చివరి ఆశీర్వాదం అందుకున్నదంతా అయ్యగారు రాని ఆదివారాల్లోనే.

అత్తకి చదవడమంటే ప్రాణం. చిన్నప్పుడు మిషను బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివింది. పొద్దుటి ప్రార్థనలో బైబిలు పాఠం చదవడానికి అక్కడి టీచరమ్మ అత్తనే నిలబెట్టేదట. పెళ్లితో అదంతా ఆగిపోయింది. ఉపదేశి ఇంట్లో చదవడం ఉపదేశి పని. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మావయ్యే చదివేవాడు, గొణుగుతూ, ఎక్కడ ఆగాలో చూసుకోకుండా. అత్త చదువు వంటింట్లో. దాకలో పులుసు మరుగుతుంటే పీట మీద కూర్చుని బైబిలు తెరిచేది. బైబిలు మావయ్య దగ్గరుంటే సంఘం పత్రిక, అదీ లేకపోతే ఉప్పు పొట్లం కట్టిన కాగితమైనా సరే, గొంతెత్తి చదివేది. మామూలుగా మాట్లాడేటప్పుడు లేని నిదానం ఏదో ఆ గొంతులోకి వచ్చేది. ఉల్లిపాయలు తరుగుతూ నేను చెయ్యి ఆపేసేదాన్ని.

"ఏమే, వింటున్నావా, పని ఎగ్గొడుతున్నావా?"

"రెండూ అత్తా."

నేను వాళ్లింటికి వచ్చిన మూడో ఏడు, అంటే రెండు వేల ఒకటిలో, రాజమండ్రిలో స్త్రీల సభలు పెట్టారు. మూడు రోజుల సభ. చివరి రోజు ఆరాధనలో బైబిలు పాఠం చదివే వంతు మా సంఘాలకి వచ్చింది. ఆ సంగతి అయ్యగారే మా ఇంట్లో భోంచేస్తూ చెప్పారు. చెప్పి, చేప తలకాయ చప్పరించి, ఎప్పుడూ అనే మాటే మళ్లీ అన్నారు.

"సంపూర్ణమ్మగారూ, మీ రుణం ఎలా తీర్చుకోవాలండి? ఏం కావాలో అడగండి."

ఈ మాటకి అత్త ఎప్పుడూ "మీ ప్రార్థన చాలండి" అనేది. ఆ రోజు తలుపు పక్కన నిలబడి, కొంగు సరిచేసుకుని, "ఆ పాఠం నేను చదువుతానండి" అంది.

మావయ్య ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"నువ్వా? మైకు ముందు నిలబడి ఉప్పు సరిపోయిందాండీ అని అడుగుతావేమోనే!"

అయ్యగారు పొలమారేలా నవ్వారు. తర్వాత మంచినీళ్లు తాగి, "చదవనివ్వండి ఉపదేశిగారూ, తప్పేముంది? మీ పేరే ఇస్తానండి సంపూర్ణమ్మగారూ" అన్నారు.

ఇరవై ఏళ్లుగా వండిపెడుతున్న మనిషి మొదటిసారి ఒకటి అడిగింది. దొరికింది కూడా. ఆ నెలంతా అత్త మనిషే మారిపోయింది. స్త్రీల సభ కాబట్టి, బైబిల్లో గుణవతియైన భార్య గురించిన అధ్యాయం ఇచ్చారు. రోజూ పొయ్యి ముందు నిలబడి చదివేది. నన్ను పెరటి గుమ్మం అవతల నిలబెట్టి, వినిపిస్తోందా అని అడిగేది. వినిపిస్తోందంటే ఇంకా దూరం పంపేది. ఒక రోజు నేను కాలవ రేవు దాకా వెళ్లి నిలబడ్డాను. బట్టలు ఉతుకుతున్న రత్తమ్మ చెయ్యి ఆపి, "ఎవరే ఆ చదివేది, రేడియోనా?" అంది. అది చెబితే అత్త సిగ్గుపడిపోయి, "పోవే" అని నా నెత్తిన మొట్టింది.

ఒకసారి మాత్రం చదువుతూ మధ్యలో ఆగింది.

"ఈవిడెవరోగానీ, తెల్లారకుండానే లేచి ఇంటిల్లిపాదికీ వండిందటే. కూర్చుని నాలుగు ముక్కలు చదువుకుందో లేదో మాత్రం రాయలేదు" అని తనే నవ్వింది.

ప్రయాణం ముందు రోజు మావయ్య ఒక మాట అన్నాడు. "సభలు నడిపే బేబిగారింట్లో కదా దిగేది. ఒట్టి చేతులతో వెళ్తావా?" మా వాళ్లలో ఎవరూ పెద్దల గడప ఒట్టి చేతులతో తొక్కరు. నేను పచ్చడి పట్టుకెళ్దామన్నాను.

"పచ్చడి అందరూ తెస్తారే. పులుసు పెడతాను. రేపటికి ఊరి ఇంకా బాగుంటుంది" అంది అత్త. తన పులుసంటే ఆవిడకీ గర్వమే. ఆ గర్వమే కొంప ముంచింది. శీలావతి చేప ముక్కలతో క్యారేజీ నిండా పెట్టింది.

అత్తా నేనూ నిడదవోలులో పాసింజరు ఎక్కాం. గోదావరి మీదకి రాగానే అందరూ కిటికీల దగ్గరికి చేరారు. ఎదురుగా కూర్చున్నావిడ రూపాయి నీళ్లలోకి విసిరి, దండం పెట్టుకుని, అత్త ఒళ్లో ఉన్న క్యారేజీ కేసి చూసింది.

"వాసన అదిరిపోతోందండి. చుట్టాలింటికాండి?"

"కాదండి. సభలో చదవడానికి వెళ్తున్నాను."

"టీచరాండి?"

అత్త కాస్త ఆలోచించి, "కాదండి" అంది. కాదన్నందుకు బాధ లేదు ఆవిడ మొహంలో. అలా అడిగినందుకు సంతోషమే ఉంది.

మొదటి రోజు అత్త అందరితోపాటు ముందు వరసలో కూర్చుంది. ప్రసంగం మొదలైంది, అయిపోయింది, అత్త లేవలేదు. మధ్యలో ఒకసారి కాళ్లు లేవబోతే నేను చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బేబిగారు మా దగ్గరికి వచ్చారు. పక్కనే మా అయ్యగారు కూడా ఉన్నారు.

"సంపూర్ణమ్మగారూ, రాత్రి మా ఇంట్లో తిన్న ఆ పులుసు మీ చేతిదేనటగా! మా ఆయన క్యారేజీ గిన్నె కూడా నాకేశారండి."

అత్త మొహం వెలిగిపోయింది.

"రేపు మధ్యాహ్నం గుంటూరు నుంచి సంఘం పెద్దలొస్తున్నారండి. మన వంట మేస్త్రి వీరాస్వామి పులుసు వాళ్లకి పెడితే మన పరువేం కాను? మీరు పూనుకోవాలి."

"దానికేముందండి. కానీ రేపు పొద్దున్న పాఠం నాదండి" అంది అత్త.

"పాఠం ఎవరైనా చదువుతారండి. పులుసు ఎవరు పెడతారు?"

ఆవిడ కోపంగా అనలేదు. అత్త చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, ముద్దుగా అంది. అత్త అయ్యగారి కేసి చూసింది. ఆయన వాచీ చూసుకున్నారు.

"ఏదైనా దేవుడి పనే కదండి" అన్నారు. "పాఠం మా అమ్మాయి సుప్రియ చదువుతుందిలెండి."

వాళ్లు వెళ్లాక, "కుదరదని చెప్పు అత్తా" అన్నాను.

"ఎలా చెప్తానే? అంత గౌరవంగా అడుగుతుంటే."

అత్త గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకున్న తెల్లచీర సంచిలోనే ఉండిపోయింది. మూడో రోజు పొద్దున్నే పాత నేత చీర కట్టుకుని చర్చి వెనక పందిట్లోకి వెళ్లింది. బొచ్చె చేపలు బుట్టలతో దింపారు. నేను ఉల్లి ముద్ద నూరుతున్నాను. పందిరి గుంజకి కట్టిన స్పీకరులో పాటలయ్యాయి, ప్రార్థనయింది. తర్వాత సుప్రియ గొంతు వచ్చింది.

అత్త పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి. మొదట్లో సుప్రియతో కలిసే కదిలాయి. ఆ పిల్ల చదువు తొందర. అత్త నిదానం. మాటల్లో వెనకబడిపోతూ, వెనకబడిపోతూ, స్పీకరులో పాఠం అయిపోయేసరికి అత్త ఇంకా సగంలోనే ఉంది. అక్కడే ఆపేసింది.

"అమ్మగారూ, ముద్ద మాడుతోందండి!" అని వీరాస్వామి అరిచాడు. అత్త ఉలిక్కిపడి చింతపండు రసం పోసింది.

"బాగా చదివింది" అంది.

"ఎవరండి ఆ పాప?" అన్నాడు వీరాస్వామి.

"మా అయ్యగారమ్మాయి. భీమవరంలో ఇంజనీరింగు."

"మరి తమరు ఏ పని మీదొచ్చారండి?"

"వంటకే" అంది అత్త.

పెద్దలు తృప్తిగా తిన్నారు. స్టేజీ మీద వందన సమర్పణలో పందిరి వేసినవాళ్ల పేరు, మైకు పెట్టినవాళ్ల పేరు చెప్పారు. భోజనాల గురించి చెబుతూ, "రుచికరమైన వంటకాలు అందించిన సహోదరీమణులకు" అన్నారు. తిరుగు ప్రయాణంలో అత్త కిటికీ పక్క సీటు నాకిచ్చి, నది వచ్చినా తలెత్తలేదు.

ఇంటికి రాగానే మావయ్య, "ఏమే, వణికావా?" అన్నాడు.

"లేదండి. బాగానే చదివాను" అంది అత్త, చెప్పులు విప్పుతూ. నా వైపు చూడలేదు. నేను ఖాళీ క్యారేజీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మర్నాటికి మావయ్య ఊరంతా చెప్పేశాడు. వెక్కిరించిన మనిషే ఇప్పుడు "మా ఆవిడ రాజమండ్రిలో పాఠం చదివింది" అని చర్చి మెట్ల మీద నిలబడి చెబుతుంటే, అత్త కూరల బుట్ట పట్టుకుని పక్క సందులోంచి వెళ్లిపోయేది. నెల తిరిగి అయ్యగారు వచ్చే ఆదివారం దగ్గరపడేకొద్దీ ఆవిడకి అన్నం సయించలేదు.

ఆయన వచ్చారు. వడ్డన అయ్యింది. నేను మంచినీళ్ల చెంబుతో, అత్త గిన్నెతో నిలబడ్డాం.

"మీ ఆవిడ లేకపోతే గుంటూరు వాళ్ల ముందు మన పరువు పోయేదండి ఉపదేశిగారూ. ఏం పులుసండి అది!"

"పులుసు సరేనండి. పాఠం కూడా బాగా చదివిందట కదా!" అన్నాడు మావయ్య, గర్వంగా.

అయ్యగారు తలెత్తి అత్తని చూశారు. అత్త గిన్నె అంచు గట్టిగా పట్టుకుంది. ఆయన మళ్లీ కంచంలోకి చూసి, ముల్లు తీసి పక్కన పెట్టారు.

"ఆ... అవునండి. చాలా బాగా చదివారు."

ఆయన దయతలిచి అన్నారో, తను చేసింది గుర్తొచ్చి అన్నారో నాకు తెలియదు. కానీ అత్త మొహం చూశాను. ఆ అబద్ధం తన నోట ఉన్నన్నాళ్లూ అది తనదిగానే ఉంది. ఇప్పుడు అది కూడా ఒకరు పెట్టిన భిక్ష అయింది. తన ఇంట్లో, తన పులుసు తింటూ పెట్టిన భిక్ష.

"మరో ముక్క వేయించుకోండి" అంది అత్త. వేసింది.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ అయ్యగారు నా వైపు చూశారు. "ఈ అమ్మాయికి కూడా చెయ్యి తిరిగినట్టుంది. వచ్చే ఏడు సభలు కాకినాడలోనండి. మీ ఇద్దరి పేర్లూ ఇచ్చేస్తాను" అన్నారు.

దేనికండి అని అత్త అడగలేదు. నా చేతిలో చెంబు తీసుకుని, ఆయన చేతుల మీద నీళ్లు పోసింది.