కూర్చుని చూడమన్న మేస్త్రి

మా మేస్త్రి గారు పోయారు. మొన్న పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయన లేడక్కా. దవాఖానల నాలుగు దినాలున్నడు. నిన్న పొద్దుగూకినంక పోయిండు. నీకు చెప్పమన్నడు" అంది. ఆ చివరి మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

తొంభైల చివర్లో మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. నేను బెజవాడ నుంచి వచ్చిన కొత్త ఇంజినీరుని. ఆయన పాలమూరు కూలీలందరికీ పెద్ద మేస్త్రి. తలకు తువ్వాల చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టేవారు. పొద్దున్నే ప్రతి మనిషినీ "ఏం తిన్నవ్?" అని అడిగేవారు. ఛాయ్ అన్నవాళ్లను పరంజా ఎక్కనిచ్చేవారు కాదు. ఓసారి నేనూ దొరికిపోయాను. "ఉత్త ఛాయ్ తాగి గంత ఎత్తు ఎక్కుతవా బిడ్డా? పోయి తినిరా" అని అందరి ముందూ వెనక్కి పంపారు. ఒళ్లు మండిపోయింది గానీ, వెళ్లి ఇడ్లీ తిని వచ్చాను.

అప్పట్లో మా కంపెనీవాళ్లు ఓ వింత సరంజామా తెప్పించారు. పెట్టెలాంటి దాన్ని కళ్లకు తగిలించుకుంటే, కంప్యూటర్లో గీసిన సైటు మధ్యలో మనమే నిలబడ్డట్టు ఉంటుంది. వర్చువల్ రియాలిటీ అన్న మాట మాలో సగం మందికి నోరు తిరిగేది కాదు. క్రేన్ ఎక్కడ నిలపాలి, ఇనుప చువ్వల కట్టలు ఏ దారిన పైకి పోవాలి, అన్నీ అందులో నేనే కూర్చాను. నెల రోజుల చాకిరీ. మర్నాడు పెద్దసారు చూసి సరేనంటే, ఇక పని మొదలు.

మెచ్చుకుంటారని ముందుగా మేస్త్రి గారికి తగిలించాను. ఆయన అటూ ఇటూ తల తిప్పి, ఉన్నట్టుండి గొంతుక్కూర్చున్నారు. మనిషి కూర్చున్నా పెట్టెలో బొమ్మ కూర్చోదు కదా, నేనే మీట నొక్కి చూపు కిందికి దించాను.

"మధ్యాహ్నం నీడ యాడ పడ్తది బిడ్డా?"

చూపించాను.

"మావోళ్లు గీడనే బువ్వ తింటరు. పసిపిల్లలకు ఉయ్యాలలు గీ కంబాలకే కడ్తరు. నీ ఇనుము వాళ్ల నెత్తి మీదికెళ్లి పోతున్నది."

"అక్కడ ఎవరూ ఉండకూడదని బోర్డు పెడతామండీ," అన్నాను కోపంగానే.

"బోర్డు ఎవరు సదువుతరమ్మా? నీడ ఉన్నకాడికి మనిషి ఒస్తడు."

నిజం చెప్పొద్దూ, నేను గీసిన సైటులో ఒక్క మనిషీ లేడు. గీయాలని నాకు తోచనే లేదు.

మర్నాడు మేస్త్రి గారి మాట చెబితే, పెద్దసారు దారి మార్చనన్నారు. క్రేన్ జరిపితే పని వెనకబడుతుందట. నేను వెనక్కి తగ్గాను. మేస్త్రి గారు ముందుకొచ్చారు. "సారూ, జర కూసోని చూడుండ్రి. నిలబడి చూస్తే పని కనబడ్తది, కూసుంటే మనుషులు కనబడ్తరు."

సూటు వేసుకున్న ఆ పెద్దమనిషి మొహమాటపడుతూనే పెట్టె కళ్లకు తగిలించుకుని నేల మీద కూర్చున్నారు. నేను మీట నొక్కాను. బొమ్మలో చువ్వల కట్ట నెత్తి మీదికి రాగానే, రెండు చేతులూ తల మీద పెట్టుకుని "అమ్మో!" అంటూ పక్కకు ఒరిగిపోయారు. మాలో ఎవరమూ నవ్వలేదు. క్రేన్ అవతలి వైపుకు మారింది.

ఇప్పటికీ ఏ సైటుకెళ్లినా నేను ముందు కాసేపు నేల మీద కూర్చుంటాను. కుర్రవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ. నా కళ్లు తెరిపించింది ఆయనే.

ఆ రోజు క్రేన్ మారాక, వారం రోజులు కష్టపడి మనుషుల్ని గీశాను. అన్నం తినే ఆడవాళ్లు, స్తంభాల మధ్య ఓ చీర ఉయ్యాల. బొమ్మలు వంకరటింకరగా వచ్చాయి. మేస్త్రి గారిని పిలిచి చూపించాను. ఆయన ఆ మూల నుంచి ఈ మూలకు తల తిప్పి చూసి, ఉయ్యాల దగ్గర ఆగిపోయారు. నచ్చలేదేమో అనుకున్నాను. అప్పుడు, కళ్లకు ఆ పెట్టె అలాగే ఉండగా, ఏమీ లేని గాల్లోకి చెయ్యి చాచి, మెల్లగా ఉయ్యాల ఊపారు.