మజ్జిగ దాకా రాని విస్తరి

పెడనలో ఉండే మా అన్నయ్యకి నిరుడు బందరు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులు వార్డు బయట వరండాలోనే గడిపాను. మధ్యాహ్నం పూట పక్క వీధిలోని ఉచిత భోజనశాలలో తినేదాన్ని. ఆఖరి రోజు చెయ్యి కడుక్కుంటూ, "ఓ రోజు నేనూ వచ్చి వడ్డిస్తానండీ" అని పెద్ద మాట ఇచ్చేశాను. ఇచ్చి తొమ్మిది నెలలైంది. మొన్న ఆ మాట ఎత్తితే మా వదిన పకపకా నవ్వి, "నువ్వా, వడ్డనా? మా చెల్లి పెళ్ళిలో నెయ్యి గిన్నె పట్టుకోమంటే నడుంనొప్పి అన్నావు కదమ్మా!" అంది. నాకు తిక్క రేగింది. నడుంనొప్పి నిజమే, అయినా సరే వెళ్ళి తీరాలనుకున్నాను.

బెజవాడలో అయిదున్నర బస్సెక్కాను. టికెట్టు నూరు రూపాయల పైచిలుకు. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ళ వెనక కాస్త ఆలస్యమైనా ఏడున్నర దాటేసరికి బందరులో దిగాను. స్టాండు నుంచి భోజనశాలకి ఆటో నలభై. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఆసుపత్రిలో మనవాళ్ళెవరన్నా ఉన్నారాండీ?" అని అడిగాడు. వడ్డించడానికి వచ్చానంటే, "అయితే ఉంగరాలు తీసి బ్యాగులో పడేయండి. రహమతమ్మగారు చూశారంటే గుమ్మంలోనే ఆపేస్తారు" అన్నాడు. రెండు ఉంగరాలూ ఆటోలోనే తీసేశాను.

రహమతమ్మగారు అక్కడ పెద్ద వంటమనిషి. అరవై దాటిన మనిషి, కొంగు బిగించి గుండిగ పక్కన నిలబడితే ఎవరూ ఎదురు చెప్పరు. నాకు అప్పగించిన మొదటి పని దోసకాయలు రుచి చూడటం. పప్పులో ఒక్క చేదు కాయ పడినా రెండు వందల మంది పప్పూ పోయినట్టేనట. నలభై కాయలకి నలభై ముక్కలు నమిలాను. ఆ తరువాత వంకాయలు తరిగాను, గంజి వార్చేచోట బకెట్లు మోశాను. పదకొండున్నరకి నా చేతికి అన్నం గరిటె ఇచ్చి ఆవిడ ఒక్క మాటే చెప్పారు. "'చాలా?' అని మాత్రం అడక్కమ్మా. వేస్తున్నానండీ అంటా వేసెయ్యి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా వేస్తానే ఉండు." దీనికి ఇంత చెప్పాలా అనుకుంటూ తలూపాను.

మొదటి రెండు బంతులూ బాగానే నడిచాయి. మూడో బంతికి గుమ్మం బయట జనం నిండిపోయారు. రెండున్నర బస్సుకి తిరుగు టికెట్టు ముందే తీసుకున్నాను, కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. ఆ తొందరలో ఒక పెద్దాయన విస్తట్లో ఒక్క గరిటెడు అన్నం వేసి, నోరు జారి "చాలా అండీ?" అనేశాను. ఆయన తలెత్తి నన్ను చూసి, "చాలండీ" అన్నాడు. ఆ కాస్త అన్నం పప్పుతో తిని, విస్తరి మడిచి లేచిపోయాడు. చారు ఇంకా ఆ వరసలోకే రాలేదు.

రహమతమ్మగారు కేకలేస్తే బాగుండేది. గొంతు తగ్గించి, "హంసలదీవి ఏడుకొండలుగారమ్మా ఆయన. నిన్న పెళ్ళాన్ని తీసుకొచ్చి చేర్పించినకాడి నుంచి టీ నీళ్ళే. బతిమాలి పిలిస్తే ఇవాళ వచ్చాడు. మజ్జిగ దాకా కూడా రాలేదు, చూశావా?" అన్నారు. నేను తిన్న ఆ నాలుగు రోజుల్లో నన్నెవరూ ఆ మాట అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. "ఇప్పుడేం చెయ్యనండీ?" అంటే, "మన ఆచారం తెలుసుగా, వడ్డించినవాళ్ళు ఆఖర్న తినాలి. ఆయన తినలేదంటే ఇంకా ఆఖరు రానట్టే" అని గుండిగ వైపు తిరిగారు.

బంతి ముగియగానే క్యారియర్ నింపుకుని ఆసుపత్రికి నడిచాను. ఏడుకొండలుగారు ఆడవాళ్ళ వార్డు బయట గోడకి ఆనుకుని కూర్చున్నారు. "కడుపు నిండిందండీ, పక్కోళ్ళకియ్యండి" అంటూ క్యారియర్ వైపు చూడనే లేదు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే జవాబు. అప్పటికి రెండుంపావు. బస్సు అందుకోవాలంటే ఆ క్షణంలోనే కదలాలి. పోతే పోయిందిలే అనుకుని ఆయన పక్కనే నేల మీద చతికిలబడ్డాను. "బాబాయిగారూ, తప్పు నాదండీ. తొందరలో అడక్కూడని మాట అడిగాను. మీరు తినేదాకా నాకు అక్కడ అన్నం లేదు. పొద్దున్నించీ నలభై దోసకాయ ముక్కలు తప్ప ఏమీ తినలేదు" అన్నాను.

ఆయన కంగారుగా లేచి నిలబడ్డారు. "అదేంటమ్మా! ఆడకూతురు నా మూలాన పస్తుంటమా? ముందే చెప్పొద్దా? పదండి, పదండి!" భోజనశాల వైపు నాకంటే ముందు ఆయనే నడిచారు.

ఈసారి "వేస్తున్నానండీ" అంటూనే వేశాను. పప్పన్నం రెండుసార్లు, చారు, ఆపైన మజ్జిగ. మజ్జిగలోకి మూడోసారి అన్నం వేసేదాకా ఆయన చెయ్యి విస్తరి మీదకి రాలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నన్ను కూర్చోమని, గరిటె లాక్కున్నారు. "వేస్తున్నానమ్మా" అంటూ పెట్టారు. సగం తిన్నాక నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన చూసీ చూడనట్టు ఇంకో గరిటె వేశారు. రహమతమ్మగారు మజ్జిగ గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టి గుండిగ కడగడానికి వెళ్ళారు.

సాయంత్రం పెడన, గుడివాడ మీదుగా పాసింజరు రైల్లో ఇంటికొచ్చాను. ఆకలి తీర్చడమంటే అన్నం చాలినంత ఉండటమే అనుకునేదాన్ని. రెండు వందల మందికి సరిపడా అన్నం పక్కనే ఉండగా ఒక్క మాటతో మనిషిని ఆకలితో లేపేశాను. మా వదినకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను, తనూ వస్తానంది.

మీలో ఎవరైనా వడ్డించడానికి వెళ్తే, తిరుగు టికెట్టు మాత్రం ముందుగా తీసుకోకండి. వడ్డన ఎన్నింటికి ముగుస్తుందో గడియారం చెప్పదు, ఆఖరి మనిషి విస్తరి మీద పెట్టే చెయ్యి చెబుతుంది.